అజమాయిషీ: నందపూర్ సీమలో లెక్క రాసినవారు, లెక్క అడిగినవారు

ఒక సంస్థ లెక్కలనూ దస్తావేజులనూ నడిపే కంప్యూటర్ల మీద నిర్ణయాధికారం ఎవరికి ఉండాలి, ఒకరు రాసినదాన్ని మరెవరు సరిచూడాలి, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్న ఏర్పాటును నేటి వాణిజ్య ప్రపంచం సమాచార సాంకేతిక పాలన అని పిలుస్తున్నది. ఈ విషయానికి తెలుగులో కొత్త మాట వెతకవలసిన అవసరం అంతగా లేదు, ఎందుకంటే అజమాయిషీ అన్న పాత మాట ఈ బరువును ఎప్పుడో మోసింది. పరీక్షించి చూడడం అనే అర్థం గల పారసీక పదం నుంచి రెవెన్యూ కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ మాటకు మొదట ఉన్న అర్థం చాలా నిర్దిష్టమైనది: పైరు ఇంకా చేలో నిలబడి ఉండగానే అధికారి స్వయంగా పొలానికి వెళ్ళి, కరణం లెక్కలో ఉన్న పంటా నేల మీద ఉన్న పంటా ఒకటేనా అని చూసుకోవడం. అలా వెళ్ళే అధికారికి కరణానికి వచ్చినంత లెక్క రానవసరం లేదు, రైతుకు తెలిసినంత సేద్యం తెలియనవసరం కూడా లేదు; అయితే లెక్క పుస్తకం చేతిలో పట్టుకొని పొలం గట్టు మీద నిలబడి ఏమి అడగాలో మాత్రం అతనికి తెలిసి ఉండాలి. సాంకేతిక విద్య లేని వ్యాపారాధిపతులు తమ సంస్థల్లోని కంప్యూటర్ వ్యవస్థలను ఎలా ఏలాలి అన్న నేటి ప్రశ్నకు మూలం ఇక్కడే ఉన్నది, దాని చరిత్రను పరిశీలించడానికి నందపూర్ సీమ ఎంతో తగిన చోటు.

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, కోరాపుట్ పట్టణానికి దక్షిణంగా పాడువా మీదుగా అరకు వైపు దిగే దారిలో ఉన్న నందపూర్ నేడు ఒక చిన్న బ్లాకు కేంద్రం. తెలుగువారు నందపురం అని పిలుచుకొన్న ఈ ఊరు ఒకప్పుడు తూర్పు కనుమల్లో విస్తరించిన పెద్ద రాజ్యానికి రాజధాని. శిలావంశపు రాజుల తర్వాత 15వ శతాబ్దిలో సూర్యవంశపు వినాయక దేవుడు ఇక్కడ తన వంశాన్ని నిలిపాడని, 17వ శతాబ్దిలో అతని వారసులు రాజధానిని వాయవ్యాన జయపురానికి మార్చుకొన్నారని సంస్థాన చరిత్ర చెబుతుంది. బత్తీస సింహాసనం అని స్థానికులు గౌరవంగా చూపించే ముప్ఫై రెండు మెట్ల రాతి గద్దె శిథిలాలు ఊళ్ళో నేటికీ ఉన్నాయి. గద్దె మీద కూర్చున్నవారు తీర్పు చెబుతారు, దానం ఇస్తారు, శిస్తు నిర్ణయిస్తారు. ఆ తీర్పునూ దానాన్నీ శిస్తునూ అక్షరంలోకి దించే పని మాత్రం గద్దె కింద కూర్చున్న లేఖకులది. ఒడియాలో కరణ అన్నా, తెలుగులో కరణం అన్నా ఒకే సంస్కృత మూలం నుంచి వచ్చిన మాటలే, కొండకు ఇటువైపూ అటువైపూ పాలకుడి జ్ఞాపకశక్తి ఈ వృత్తివారి చేతుల్లోనే ఉండేది.

వారు వాడిన సాధనాలను కొంచెం దగ్గరగా చూడడం అవసరం. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు అక్షరం ఆకు చర్మాన్ని చీల్చుకొని దిగుతుంది, పైన మసి రాసి తుడిస్తే ఆ చీలికలో నలుపు నిలిచి రాత తేలుతుంది. అక్కడ తప్పు పడితే కొట్టివేసి పక్కన రాయాలి, లేదా ఆ ఆకునే తీసివేసి వేరే ఆకు గుచ్చాలి. ఏది చేసినా కవిలె, అంటే లెక్కల తాటాకు కట్ట, విప్పినవాడి కంటికి అది దొరకకుండా పోదు. తెలుగు, కన్నడ దేశాల కచేరీల్లోనూ అంగళ్ళలోనూ వాడిన కడితం స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. గుడ్డకు చింతగింజల జిగురూ బొగ్గుపొడీ పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టి చేసిన ఆ నల్లని పుస్తకం మీద బలపంతో రాస్తారు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నిన్నటి లెక్క పోయి, ఇవాళ్టి లెక్కకు చోటు దొరుకుతుంది. రోజువారీ అంగడి పద్దులకు అది ఎంత హాయో, ఊరి శిస్తుకూ భూమి హక్కుకూ అంత ప్రమాదం. గంటం పట్టుకోవడం చేతకాని పాలకుడికైనా ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే, ఏ లెక్క ఆకు మీద ఉండాలో ఏ లెక్క గుడ్డ మీద ఉండవచ్చునో శాసించే శక్తి అతనికి ఉన్నట్టే. రాత ఎలా సాగుతుందో తెలియకపోయినా ఆ రాత చెరుగుతుందో లేదో తెలుసుకోవడం పాలకుడి విధి, పాలనకు కావలసిన సాంకేతిక జ్ఞానంలో మొదటి పాఠం అదే.

ఈ పాఠాన్ని చట్టం రూపంలో పెట్టడానికి ఈస్టిండియా కంపెనీ చేసిన ప్రయత్నం విశేషమైనది. మద్రాసు ప్రభుత్వం 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటును ప్రవేశపెట్టినప్పుడు, అంటే జమీందారు ఏటా చెల్లించవలసిన పేష్కష్‌ను ఎప్పటికీ మారకుండా ఖాయం చేసినప్పుడు, దానితోపాటు కరణాల ఉద్యోగం గురించి 29వ నిబంధనను ప్రత్యేకంగా చేసింది. దాని ప్రకారం కరణం జమీందారీలో ఉన్నా జమీందారు ఇష్టం వచ్చినట్టు అతన్ని తీసివేయడానికి వీలులేదు, న్యాయస్థానం తీర్పు ఉంటేనే తొలగించాలి. వివాదం వచ్చినప్పుడు కరణం తన లెక్కలను కోర్టు ముందు పెట్టాలి. లెక్క రాసేవాడు ఆ లెక్క వల్ల లాభం పొందేవాడి దయ మీద బతకకూడదన్న ఆలోచన ఇది. నేటి పరిభాషలో దీన్ని విధుల విభజన అంటారు, ఒకే మనిషి చేతిలో డబ్బూ రాతా తనిఖీ మూడూ పెట్టకపోవడం దాని సారాంశం. వలస ప్రభుత్వం తన ఆదాయపు భద్రత కోసమే ఈ పని చేసిందన్నది నిజమే అయినా, సూత్రం మాత్రం గట్టిది. రెండు శతాబ్దాల తర్వాత కంప్యూటర్ తనిఖీదారులు రాసుకొన్న నియమాల్లో ఇది దాదాపు ఇదే రూపంలో కనిపిస్తుంది.

మైదాన ప్రాంతపు ఊళ్ళను ఊహించి చేసిన ఈ నిబంధన నందపూర్ కొండల మీద వేరు పట్టలేదు. జయపురం సంస్థానం పేరుతో విశాఖపట్నం జిల్లాలో చేరిన ఈ సీమకు ఖాయమైన పేష్కష్ 16,000 రూపాయలు; మద్రాసు ప్రెసిడెన్సీలోని అతి పెద్ద జమీందారీల్లో ఒకటైన సంస్థానానికి అది చిన్న మొత్తమే, అందుచేత ఆ మొత్తం అందుతున్నంత కాలం లోపల వసూళ్ళు ఎలా సాగుతున్నాయో చూడవలసిన తొందర ప్రభుత్వానికి ఉండేది కాదు. సంస్థానం లోపల ఊళ్ళ శిస్తును ముస్తాజర్లకు, అంటే గుత్తకు తీసుకొనే కౌలుదారులకు, అప్పగించే పద్ధతి నడిచింది. ముస్తాజరు ఒప్పుకొన్న మొత్తం కచేరీకి కడతాడు. ఊళ్ళో గదబ, పరజ, కంధ కుటుంబాల దగ్గర అతడు ధాన్యంగా, రొక్కంగా, వెట్టి చాకిరీగా ఎంత రాబట్టుకొన్నాడన్నది కచేరీ లెక్కలో ఉండదు. జయపురంలో కూర్చున్న దివానుకు కనిపించేది ఊరి పేరు ఎదుట ఒక్క అంకె మాత్రమే. ఆ అంకె సరిగ్గా ఉన్నది, సమయానికి వచ్చింది. కాబట్టి ఊరు బాగున్నదని అనుకొన్నారు. పనిని బయటివారికి ఒప్పగించిన ప్రతి యజమాని చేసే పొరపాటు ఇదే, నేడు తమ వినియోగదారుల వివరాలను బయటి సాంకేతిక సంస్థల చేతుల్లో పెట్టి నెలనెలా వచ్చే నివేదికలోని ఆకుపచ్చ గుర్తులు చూసి తృప్తిపడే సంస్థాధిపతులది కూడా ఈ ముస్తాజరీ దృష్టే. పనిని గుత్తకు ఇవ్వవచ్చును గాని జవాబుదారీని గుత్తకు ఇవ్వడం సాధ్యం కాదు. జవాబు అన్న మాటే అందులో ఉన్నది, ఆ జవాబు చెప్పవలసినవాడు గద్దె మీదివాడే.

19వ శతాబ్ది మధ్య భాగం ఈ సంగతిని చేదుగా రుజువు చేసింది. విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో జమీందారీ కల్లోలాలను అణచడానికి వచ్చిన జార్జి రస్సెల్ సిఫారసుల మీద 1839లో చేసిన 24వ చట్టం కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరు ఏజెంటుగా నియమించి ఆయన చేతికి అప్పగించింది. ఏజెన్సీ అన్న మాట తెలుగు నాట కొండ ప్రాంతానికి పర్యాయపదం కావడానికి కారణం ఈ చట్టమే. ఏజెంటు విశాఖపట్నంలో ఉండేవాడు, సంస్థానం కొండల అవతల ఉండేది. వృద్ధుడైన విక్రమ దేవ మహారాజు కాలంలో రాజకుటుంబంలోని పక్షాలు చీలి, 1849 నాటికి కలహం సైన్యం దిగేదాకా పోయింది, కొన్ని తాలూకాలను ఏజెంటు జప్తు చేసుకొని నడపవలసి వచ్చింది. చివరకు, మహారాజు 1860లో మరణించిన తర్వాత, 1863లో ప్రభుత్వం సంస్థానంలో పోలీసు, న్యాయ పాలనను తానే చేపట్టి అసిస్టెంటు ఏజెంటును అక్కడికి పంపింది. కొండ దిగువన కూర్చొని ఏలడం కుదరదని తెలుసుకోవడానికి పాలకులకు 1839 నుంచి 24 ఏళ్ళు పట్టింది.

అయితే అసిస్టెంటు ఏజెంటు కొండెక్కినా చూడని లెక్క ఒకటి ఉన్నది, ఈ సీమ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన లెక్క అదే. కోరాపుట్, రాయగడ ప్రాంతాల్లో గోతి అని పిలిచిన రుణదాస్యంలో అప్పు తీసుకొన్న మనిషి తన శరీర శ్రమనే తాకట్టు పెట్టేవాడు. పెళ్ళికో, పన్నుకో, జుల్మానాకో కొద్దిపాటి సొమ్ము అవసరమై సావుకారు గడప తొక్కిన గిరిజనుడి ఎదుట ఒక కాగితం ఉంటుంది, దాని మీద అతనికి రాని లిపిలో, తరచు అతనికి రాని భాషలో, కొన్ని గీతలు ఉంటాయి. ఎడమ చేతి బొటనవేలిని సిరాలో అద్ది ఆ గీతల కింద నొక్కుతాడు. పుస్తకం సావుకారు పెట్టెలోకి పోతుంది, మనిషి సావుకారు పొలంలోకి పోతాడు. అతడు ఏడాది పొడవునా చేసిన పని వడ్డీలోకే జమ అవుతుంది. తిన్న గంజీ కట్టిన గుడ్డా అసలులో కలుస్తాయి. ఎన్నేళ్ళ తర్వాత లెక్క విప్పినా అసలు తరగకపోగా పెరిగే ఉంటుంది, అతడు పోతే ఆ అప్పు కొడుకు భుజం మీదికి వస్తుంది. ఇందులో మోసానికి ఆయుధం కత్తి కాదు, రాత. వేలిముద్ర అతనిదే, కాని ఆ ముద్ర పడిన పుస్తకాన్ని తెరిచి చూసే హక్కు గాని, చూసినా చదివే శక్తి గాని, చదివించి చెప్పే మూడో మనిషి గాని అతనికి లేరు. కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగిగా పనిచేసిన ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945లో వెలువడిన తన పరజ నవలలో ఈ వ్యవస్థ ఒక కుటుంబాన్ని ఎలా మింగిందో చిత్రించాడు. భూమి బదిలీలనూ వడ్డీనీ కట్టడి చేయడానికి మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల కోసం 1917లో ఒక చట్టం చేసినా, రుణదాస్యాన్ని రద్దు చేస్తూ ఒడిశా ప్రభుత్వం నిబంధన తెచ్చింది 1948లోనే. లెక్క పుస్తకం ఒకే పక్షం చేతిలో ఉండి, అవతలి పక్షానికి దాన్ని సరిచూసే దారి లేకపోతే ఎంతటి ఘోరం జరగగలదో తెలుసుకోవలసిన సంస్థాధిపతి మరో ఉదాహరణ కోసం వెతకవలసిన పని లేదు.

ఇదే సంస్థానం చివరి దశలో ఇంకొక రకమైన యజమానిని చూసింది. 1931లో గద్దెనెక్కిన విక్రమ దేవ వర్మ తెలుగు, ఒడియా, సంస్కృత సాహిత్యాల్లో పండితుడు, కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేసిన దాత. ఆ విరాళంతో బలపడినది సాహిత్య శాఖ కాదు, జయపురం విక్రమ దేవ శాస్త్ర సాంకేతిక కళాశాల. తనకు రాని విద్యకు ధనం ఇచ్చి, దాన్ని నడిపే పనిని అది తెలిసినవారికి వదిలి, అది నిలబడిందా లేదా అన్నది మాత్రం తాను చూసుకొనే యజమాని వైఖరికి ఈ దానం ఒక అరుదైన నిదర్శనం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం మద్రాసు నుంచి విడివడి కొత్త కోరాపుట్ జిల్లా అయింది, నేటి రాయగడ జిల్లా 1992లో దాని నుంచే వేరుపడింది. కొత్త ప్రభుత్వం 1938లో జిల్లాలో సర్వే, సెటిల్మెంటు మొదలుపెట్టింది, అంటే ప్రతి కమతాన్నీ కొలిచి, దాన్ని ఎవరు సాగు చేస్తున్నారో నమోదు చేసి, శిస్తు నిర్ణయించే పని. 1952లో సంస్థానం రద్దయి భూమి ప్రభుత్వపరమయినా పని సాగుతూనే ఉండి 1964 వరకు నడిచింది. ఇరవై ఆరేళ్ళ ఈ శ్రమ చిన్నది కాదు. అంతకుముందు ముస్తాజరు నోటి మాటగా ఉన్న హక్కులు మొదటిసారి ఊరూరా పటం మీదికి, పట్టాలోకి ఎక్కాయి. అయితే పల్లపు వరి మడులకు దొరికిన ఆ భాగ్యం ఏటవాలు కొండచరియల మీద పోడు వేసుకొని రాగి, సామ, కంది పండించుకొనే డొంగర్ భూములకు దక్కలేదు. ఒక ఏడాది సాగు చేసి కొన్నేళ్ళు బీడు వదిలి మళ్ళీ అదే చరియకు తిరిగి వచ్చే సేద్యానికి సెటిల్మెంటు పుస్తకంలో తగిన గడి లేదు. గడి లేనిది నమోదు కాలేదు. నమోదు కానిది సర్కారు భూమి అయింది. సర్కారు భూమిలో తరతరాలుగా సాగు చేస్తున్నవారు ఆక్రమణదారులయ్యారు. అమీనులు తప్పుగా కొలిచినందువల్ల వచ్చిన అన్యాయం కాదిది. ఏమి కొలవాలో, ఏ గడులు ఉండాలో మొదట తీసుకొన్న నిర్ణయం నుంచి వచ్చినది, ఆ నిర్ణయం గొలుసు పట్టుకొన్న అమీనుది కాదు, పైవారిది. కొత్త కంప్యూటర్ వ్యవస్థను కొనేటప్పుడు సంస్థాధిపతులు సాంకేతిక విషయమని దాటవేసే పట్టికల రూపకల్పనలో నిజానికి ఉన్నది ఇటువంటి నిర్ణయమే. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని వదలాలి అన్నది ఇంజనీరు తేల్చగల ప్రశ్న కాదు.

లెక్క ఆకు నుంచి కాగితానికి మారినప్పుడు ఇంత జరిగితే, కాగితం నుంచి యంత్రానికి మారినప్పుడు ఏమవుతుందన్న భయం మొదట తనిఖీదారులకే కలిగింది. అమెరికాలో 1969లో కొందరు తనిఖీదారులు కలిసి పెట్టుకొన్న సంఘమే తర్వాత ఇసాకా పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. నాలుగేళ్ళకే, 1973లో, లాస్ ఏంజెలెస్‌లోని ఈక్విటీ ఫండింగ్ అనే బీమా సంస్థ సుమారు 64,000 బూటకపు పాలసీలను కంప్యూటర్‌లో సృష్టించినట్టు బయటపడింది. ఆ బూటకపు పాలసీలకు 99 అన్న సంకేతం తగిలించి, వాటికి బిల్లులు పోకుండా జాగ్రత్తపడ్డారు. ఇసాకా 1996లో కోబిట్ అనే నియమావళిని వెలువరించింది. 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ విషయం మీద 38500 సంఖ్యతో ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. సాంకేతిక నిపుణుల కోసం కాక సంస్థల పాలకవర్గాల కోసమే రాసిన ఆ ప్రమాణం పాలకుల పనిని మూడు మాటల్లో చెబుతుంది: బేరీజు వేయడం, దిశ చూపడం, గమనిస్తూ ఉండడం. ప్రోగ్రాము రాయడం అందులో లేదు. పొలం గట్టు మీది అధికారి పని కూడా ఈ మూడింటిని దాటిపోలేదు.

తెలుగు నాట ఈ మార్పు వేగంగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1984 జనవరిలో కరణాల, మునసబుల వారసత్వ ఉద్యోగాలు రద్దయ్యాయి. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కార్డ్ అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. కరణం పోయాడు గాని కరణీకం పోలేదన్న సంగతి చాలామంది గమనించలేదు. ఎవరు నమోదు చేయాలి, ఎవరు మార్చవచ్చు, మార్చినట్టు గుర్తు ఉంటుందా అన్న మూడు ప్రశ్నలూ ఊరి చావడి నుంచి లేచి యంత్రం లోపలికి వెళ్ళి కూర్చున్నాయి.

ఆ ప్రశ్నలను అడగకపోతే ఏమవుతుందో 2009 జనవరి 7న హైదరాబాదు చూసింది. లోకానికంతటికీ కంప్యూటర్ సేవలు అందించిన సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు ఆనాడు స్టాక్ ఎక్స్ఛేంజీలకు, తన పాలకవర్గానికి రాసిన లేఖలో, సంస్థ పద్దుల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొన్నాడు. తర్వాత దర్యాప్తులో తేలిన విషయాల్లో ఒకటి ఈ వ్యాసానికి ప్రత్యేకంగా సంబంధించినది. సంస్థ తన ఖాతాదారులకు పంపే బిల్లులను తయారు చేసే కంప్యూటర్ వ్యవస్థలోకి సర్వాధికారాలు గల లాగిన్‌తో ప్రవేశించి 7,561 బూటకపు బిల్లులు పుట్టించారు. ఒక్కొక్క బిల్లు పక్కన ఒక్క ఆంగ్లాక్షరం ఉండేది, ఎస్ అయితే చూపు, హెచ్ అయితే దాచు అని దాని అర్థం. హెచ్ ఉన్న బిల్లు మామూలు ఉద్యోగి తెర మీద కనిపించదు, పద్దుల మొత్తంలో మాత్రం కలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లోని 99 అంకె చేసిన పనినే హైదరాబాదులో ఈ అక్షరం చేసింది, మధ్యలో మూడున్నర దశాబ్దాలు గడిచినా పద్ధతి మారలేదు. ఆ అక్షరాన్ని కనిపెట్టడానికి పాలకవర్గ సభ్యులకు ప్రోగ్రామింగ్ రావాలని ఎవరూ అనరు. బిల్లుల వ్యవస్థలో అందరికన్నా ఎక్కువ అధికారం గల లాగిన్లు ఎన్ని, అవి ఎవరి చేతుల్లో ఉన్నాయి, వారు చేసిన పనిని ఎవరు చూస్తున్నారు, బిల్లుల మొత్తం ఖాతాదారులు ఒప్పుకొన్న మొత్తంతో సరిపోయిందా అని ఏ లెక్కల మాస్టారైనా అడగగల మాటలు అడిగి, జవాబు కాగితం మీద తెప్పించుకొని ఉంటే ఆ మోసం అన్నేళ్ళు సాగడం కష్టమయ్యేది. 1802 నాటి నిబంధన కరణం గురించి అడిగినవి ఈ ప్రశ్నలే.

దేశపు చట్టం క్రమంగా ఈ దిశగానే నడిచింది. లెక్కల సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి కంపెనీ, ప్రతి పద్దులో జరిగిన ప్రతి మార్పునూ తేదీతో సహా భద్రపరిచే, ఆపివేయడానికి వీలులేని చిట్టా ఉన్న సాఫ్ట్‌వేర్‌నే వాడాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చెరిపి రాసే కడితాన్ని మానుకొని చెరిగితే తెలిసే తాటాకుకు తిరిగి రమ్మని చెప్పడమే ఇది. అదే ఏడాది నవంబరు 7న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాలు బ్యాంకుల పాలకవర్గాల్లో సాంకేతిక వ్యూహ సంఘం ఉండాలని, దానికి ఈ రంగంలో అనుభవం గల స్వతంత్ర డైరెక్టరు అధ్యక్షత వహించాలని, సంఘం కనీసం మూడు నెలలకొకసారి కలవాలని నిర్దేశించాయి. సభ్యులకు సాంకేతిక సామర్థ్యం ఉండాలంటూ ఆ ఆదేశాలు దాన్ని నిర్వచించిన తీరు మెచ్చదగినది: సమాచార వ్యవస్థలనూ వాటి ప్రమాదాలనూ అర్థం చేసుకొని తూచగల శక్తి అని మాత్రమే అవి అడిగాయి. యంత్రాన్ని నడపగలవాడు, యంత్రం గురించి తీర్పు చెప్పగలవాడు ఒకరే కానవసరం లేదని ఆ నిర్వచనం ఒప్పుకొంటున్నది.

నందపూర్ సీమలో ఈ విషయం నేడు దూరపు సంగతి కాదు. సునాబెడలో విమాన ఇంజన్లు చేసే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం, దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం, రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితపు మిల్లు ఉన్న ప్రాంతమిది. వాటి చుట్టూ విడిభాగాలు, రవాణా, బియ్యం, కిరాణా వ్యాపారాలు చేసుకొనే వర్తకుల్లో తెలుగువారు చాలామంది ఉన్నారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తర్వాత వీరిలో చిన్నవారికి కూడా లెక్కలు కంప్యూటర్‌లో ఉండక తప్పలేదు. అనేక అంగళ్ళలో ఆ కంప్యూటర్ పాస్‌వర్డు, పన్ను దాఖలు చేసే పాస్‌వర్డు, కొన్నిచోట్ల బ్యాంకు లావాదేవీల ఓటీపీ వచ్చే ఫోను సైతం సాయంత్రాలు వచ్చి పద్దులు రాసిపోయే ఒక్క గుమాస్తా దగ్గరే ఉంటాయి. గుమాస్తా నిజాయితీపరుడే కావచ్చు, ఎక్కువమంది నిజాయితీపరులే. కాని అతడు జబ్బుపడినా, ఊరు మారినా, మాట పట్టింపు వచ్చినా యజమాని తన సొంత లెక్క తానే తెరవలేని స్థితి ఏర్పడుతుంది. వేలిముద్ర తనదై పుస్తకం అవతలివాడిదైన ఆ పాత గోతి కాగితంలోని అసమానత, అంతటి క్రూరత్వం లేకుండానే, ఇక్కడ యజమాని మీదికే తిరిగి వచ్చింది. పాస్‌వర్డుల్లో ఒకటి తన బీరువాలో ఉంచుకోవడం, నెలకొకసారి బ్యాంకు కాగితాన్ని పద్దుతో తానే పోల్చుకోవడం, లెక్కల నకలు ఒకటి వేరే చోట దాచి అది తెరుచుకొంటుందో లేదో ఏడాదికొకసారైనా చూసుకోవడం ఏ ఇంజనీరింగు చదువూ అవసరం లేని పనులు, పాత తరం వర్తకులు ఇనప్పెట్టె తాళం విషయంలో తరతరాలుగా చేసినవే.

కొండచరియల సంగతికి వస్తే, సెటిల్మెంటు పుస్తకంలో లేని గడిని తెరవడానికి చాలా కాలం పట్టింది. 2006లో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టం, సాగులో ఉన్న అటవీ భూమి మీద గిరిజనుల హక్కును గుర్తిస్తూ, ఆ హక్కును తేల్చే మొదటి అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. దాని నియమాల ప్రకారం సర్కారు కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు. హక్కు కోరేవాడు కాక ఊళ్ళోని వేరే పెద్దలు చెప్పిన మాటను రాసుకొన్న వాంగ్మూలమూ సాక్ష్యంగా చెల్లుతుంది. ఆ ప్రకారం డొంగర్ మీద తన చేను ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని చెప్పడానికి సాగుదారు వెళ్ళినప్పుడు, ఏ బండ దగ్గర చేను మొదలవుతుందో, ఏ మామిడిచెట్టు దగ్గర ఆగుతుందో పొరుగు ఇంటి వృద్ధుడు సభలో నిలబడి చెబుతాడు, అది అక్షరంలోకి ఎక్కుతుంది, ఆ తర్వాతనే కొలత, పటం, పట్టా. ఆ పట్టా వివరాలు కంప్యూటర్‌లోని భూమి రికార్డులోకి ఎక్కేటప్పుడు వాటిని నమోదు చేసేది ఎక్కడో తహసీలు కచేరీలో కూర్చున్న ఉద్యోగి. అక్కడ అచ్చయి వచ్చిన కాగితాన్ని గ్రామసభలో బిగ్గరగా చదివి, బండా మామిడిచెట్టూ చెప్పిన చోటనే ఉన్నాయా అని ఆ వృద్ధుణ్ణి మళ్ళీ అడిగినప్పుడు ఆ చేనికి అజమాయిషీ పూర్తవుతుంది.